లారీలు లేని వారంలో తిరుమలగిరి

మా అక్క వరలక్ష్మి ఫోన్ చేసి, "ఈసారి నేనే డాబా ఎక్కుతున్నానే, వడియాలు పెట్టడానికి వస్తావా?" అని అడిగింది. వినేవాళ్ళకి ఇదీ ఒక కబురేనా అనిపించొచ్చు. మా ఇంట్లో మాత్రం అది పండగలాంటి కబురు.

అక్కది సికింద్రాబాద్‌లో, తిరుమలగిరి దగ్గర, పచ్చళ్ళూ వడియాలూ అమ్మే కొట్టు. పెళ్ళయి మండపేట నుంచి వెళ్ళిన కొత్తల్లో ఇరుగుపొరుగుకి డబ్బాల్లో పెట్టి ఇచ్చేది. తర్వాత కింది గది కొట్టయింది, పైన డాబా కార్ఖానా అయింది. రెండేళ్ళ కిందట ఉబ్బసం ముదిరాక, దుమ్మూ పొగా తగలకూడదన్నాడు డాక్టరు. అప్పట్నుంచి అక్క కింద కుర్చీలో కూర్చుని పురమాయిస్తుంటే, కొట్లో పనిచేసే యాదమ్మ పైన పెట్టేది. యాదమ్మ చెయ్యి మంచిదే, కానీ అక్క చెయ్యి కాదు. రుచి మారిందని ఎప్పుడూ కొనేవాళ్ళు మొహం మీదే అన్నారు. "నా పేరు చెప్పి ఇంకొకళ్ళ చెయ్యి అమ్మడం నావల్ల కాదు. ఈ ఎండాకాలం కూడా నేను పెట్టలేకపోతే కొట్టు మూసేస్తాను" అని ఉగాదినాడే అనేసింది. అక్క ఒక మాట అనేసిందంటే ఇంక దానికి తిరుగులేదు, చిన్నప్పట్నుంచీ అంతే.

ఆ సమయంలోనే దేశదేశాల పెద్దలెవరో నగరంలో సమావేశం పెట్టుకున్నారు. వాళ్ళకి ఊరు శుభ్రంగా కనబడాలని వారం రోజులు ఆంక్షలు పెట్టారు. పగలు లారీలు తిరగకూడదు, డీజిల్ ఆటోలూ పాత డీజిల్ కార్లూ బయటికి తీయకూడదు, భవనాల పనులు ఆపెయ్యాలి, చెత్త తగలబెట్టకూడదు. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదే, ఆకాశం నీలంగా ఉంది. బావగారు గాలి కొలిచే బోర్డు చూసొచ్చారు, దుమ్ము వరస ఆకుపచ్చగా ఉందిట, అంటే భయం లేదని. ఈ వారం దాటితే మళ్ళీ దొరకదు" అంది అక్క. నేను మండపేట హైస్కూల్లో సోషల్ టీచర్ని. వేసవి సెలవులు. ఇంకేం కావాలి, మర్నాడే బయల్దేరాను.

మండపేటలో ఐదున్నర బస్సు పట్టుకుంటే ఆరున్నరకల్లా రాజమండ్రిలో దిగొచ్చు. స్టేషన్‌కి ఆటో, స్టేషన్ బయట రెండు ఇడ్లీ, ఒక కాఫీ. ఏడున్నర దాటాక పగటి బండి వచ్చింది. సెకండ్ సిట్టింగ్ టికెట్టు చవక, కానీ ఎండాకాలం ఆ సీట్లో కూర్చున్నవాళ్ళకి విజయవాడ చేరేసరికి వీపు చెక్కకి అతుక్కుపోతుంది. వెళ్ళదలచినవాళ్ళు కాస్త డబ్బు పోసి ఏసీ కుర్చీ తీసుకోండి. విజయవాడలో పెరుగన్నం పొట్లం కొన్నాను, ఉప్పెక్కువ, పెరుగు తక్కువ. ఖమ్మం దాటాక కిటికీ బయట గట్లన్నీ తెల్లగా మాడిపోయి ఉన్నాయి.

వరంగల్‌లో ఎక్కినతను నా పక్కన కూర్చున్నాడు. చేతులకి, చెప్పులకి, ఆఖరికి చెవి తమ్మెకి కూడా రంగు మరకలే. దగ్గరికి రాగానే థిన్నర్ వాసన గుప్పుమంది. "రంగుల పని మేడం. పది రోజుల సంది డివైడర్లు, గోడలు, ఫ్లైఓవర్ కింద కంబాలు, ఏదీ ఇడిసిపెడ్తలేం. ఇంటికి పోయి ఒక్క పూట ఉండి మల్ల పోతున్న" అన్నాడు. ఊరిని పెళ్ళికూతురిలా ముస్తాబు చేస్తున్నారన్నమాట అన్నాను. "ముస్తాబే మేడం, గా వాసనకు తల తిరుగుతది" అని నవ్వి, సికింద్రాబాద్ వచ్చేదాకా నిద్రపోయాడు.

నాలుగున్నరకి దిగాను. కొత్త స్టేషన్ కడుతున్నారు కదా, పోయినసారి వచ్చినప్పుడు ఆ దుమ్ములో దారి వెతుక్కుంటూ నానా అవస్థ పడ్డాను. ఈసారి పనులు ఆగిపోయి క్రేన్లు ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి. బయటికొస్తే ఆటోల గుంపు సగమైంది. ఉన్నవాటిలో ఒకతను మామూలు కంటే ఎక్కువే అడిగాడు, బేరమాడి ఎక్కాను.

"లారీలు బంద్, డీజిల్ బండ్లు బంద్. నాది గ్యాస్ బండి, నాకు మంచిగనే ఉంది. మా తమ్ముడే పరేషాన్ ఉన్నడు, ఆనిది డీజిల్ ఆటో. మూడు దినాల సంది ఇంట్లనే కూసున్నడు" అన్నాడు డ్రైవరు. మళ్ళీ తనే, "ఐనా గాలి చూడున్రి మేడం, ఎంత సాఫ్ ఉన్నదో" అన్నాడు. నిజమే. పరేడ్ గ్రౌండ్స్ పక్కనుంచి వెళ్తుంటే రోడ్డు చివరిదాకా కనబడుతోంది. డివైడర్లకి కొత్త నలుపూ పసుపూ, గోడలకి పూల బొమ్మలు, ఇంకా ఆరని రంగు వాసన. తిరుమలగిరిలోకి రాగానే మిలటరీవాళ్ళ పెద్ద పెద్ద చెట్లు, నీడ. ఇలాంటి చోట ఉండి అక్కకి ఉబ్బసం ఏమిటని ప్రతిసారీ అనుకుంటాను, ఈసారీ అనుకున్నాను.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. రెండేళ్ళలో సగమైపోయిన మనిషి, ఆరోజు మాత్రం కొంగు బిగించి నడుముకి చుట్టుకుంది. "ఇదేవిటే, ఇంత నల్లబడ్డావు? పిల్లల్ని ఎండలో నిలబెడుతూ నువ్వూ నిలబడుతున్నావా?" అంది. అక్క వెక్కిరించిందంటే ఒంట్లో బాగున్నట్టే. నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి, బ్యాగు దించే వంకతో తల తిప్పుకున్నాను.

మర్నాడు బావగారూ నేనూ గుమ్మడికాయలకి బయల్దేరాం. బావగారి పేరు సత్యనారాయణ, ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ చూసి రిటైరయ్యారు. ఎప్పుడూ బోయిన్‌పల్లి హోల్‌సేల్ మార్కెట్టుకే వెళ్తారు, కానీ లారీలు రాత్రి మాత్రమే రావాలన్నారు కాబట్టి అక్కడ సరుకు పల్చగా ఉంది. మోండా మార్కెట్టుకి వెళ్ళాం. బూడిదగుమ్మడి ధర వినగానే బావగారు రెండడుగులు వెనక్కి వేశారు. "లోడు వస్తలేదు సార్, మేమేం చేస్తం" అంది అమ్మే ఆవిడ. తిరిగి వచ్చేటప్పుడు చౌరస్తాలో బావగారు స్కూటరాపి బోర్డు చూపించారు. దుమ్ము వరసలన్నీ పచ్చగా ఉన్నాయి. ఓజోన్ అన్న వరస ఒక్కటే నారింజ రంగులో ఉంది.

"అదెక్కువుంటే మంచిదేగా పద్మా? ఓజోన్‌కి చిల్లు పడిందనే కదా ఇదివరకు గోల చేసేవాళ్ళు" అన్నారు బావగారు. ఓజోన్ పొర భూమికి గొడుగులాంటిదని ఏటా పిల్లలకి చెప్పేదాన్ని నేను. పెద్ద తెలిసినదానిలా తలాడించాను. ఇద్దరం సంతోషంగా ఇంటికొచ్చాం.

సాయంత్రం అక్క గుమ్మడికాయలు సన్నగా తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, గుడ్డలో మూటకట్టి, మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది. తెల్లారేసరికి నీరంతా కారిపోవాలి. యాదమ్మ మినప్పప్పు నానబోసింది. ఆ మర్నాడు పొద్దున్నే పప్పు, పచ్చిమిరపకాయలు, అల్లం గట్టిగా రుబ్బి, ముక్కలు కలిపి, ఎండ వేడెక్కక ముందే డాబా మీద పాత నేత చీరలు పరిచి వడియాలు పెట్టాం. పెట్టాం అన్నానే గానీ, చీరలు పరిచింది నేను, గిన్నెలు అందించింది యాదమ్మ, పెట్టింది అక్క ఒక్కతే. వేళ్ళ మధ్య నుంచి పిండి జారినట్టే ఉండేది, చూస్తే అన్నీ ఒకే కొలతలో కూర్చునేవి. చుట్టుపక్కల నీళ్ళ ట్యాంకులూ, దూరంగా గుట్టలూ కడిగినట్టు కనబడుతున్నాయి. అక్క నిలబడి ఒకసారి ఊపిరి నిండా పీల్చుకుని, "ఏంటే, మన ఊళ్ళో ఉన్నట్టుంది!" అంది.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. వడియాలు పెట్టిన మనిషే మొదటి ఎండకి కాపలా ఉండాలి. పిట్టల్ని తోలడం ఒకటే కాదు, పైన ఏది ముందు గట్టిపడుతోందో, ఏ చీర ఎటు లాగాలో పెట్టిన చేతికే తెలుస్తుందని మా అమ్మ అనేది. ఆ పని ఇంకొకళ్ళకి ఇస్తే అక్కకి పెట్టినట్టే ఉండదు. పది గంటలకి గొడుగు కింద పీట వేసుకుని కూర్చుంది. నేను మజ్జిగ ఇస్తూ, "కిందికి రావే, నేను చూస్తాను" అన్నాను. "నువ్వు చూస్తే పిచ్చుకలకి పాఠం చెప్తావు, అవి నిద్రపోతాయి. పో" అంది. దుమ్ము లేదు, పొగ లేదు, గొడుగు నీడ ఉంది, భయమేముంది? ఇంట్లో ఎవ్వరికీ రాలేదు ఆ అనుమానం.

రెండింటికి దగ్గు మొదలైంది. "మిర్చి రుబ్బినం కద, గా ఘాటు" అంది యాదమ్మ. మేమందరం అదే అనుకున్నాం. మూడింటికి గొంతులో మంట అంది, మంచినీళ్ళు తాగింది. నాలుగు కావస్తుంటే నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి అక్క పీట మీద ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి, నోరు తెరిచి గాలి కోసం తడుముకుంటోంది. మాట రావడం లేదు. పెదాలు రంగు మారాయి. పీల్చే మందు నాలుగుసార్లు కొట్టినా లాభం లేకపోయింది.

బావగారి కారు పాత డీజిల్ బండి, బయటికి తీయకూడదు. ఆయన కంగారులో తాళాలు పట్టుకుని వీధిలోకీ లోపలికీ తిరుగుతుంటే, యాదమ్మే రోడ్డు మీదకి ఉరికి ఒక గ్యాస్ ఆటో ఆపింది. ఎప్పుడూ ఇసక వేస్తే రాలనట్టుండే రోడ్డు ఆరోజు ఖాళీ. ఆటో ఎక్కడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళింది. ఆంక్షలు లేకపోతే అక్క దారిలోనే పోయేదేమో, అది కూడా రాయాలి కదా.

ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ చిన్న వయసుది, కరీంనగర్ వైపు మనిషట. అక్కకి ఆక్సిజన్ పెట్టి, సూదులిచ్చి, కాస్త నెమ్మదించాక మా దగ్గరికొచ్చింది.

"ఎండల ఎంతసేపున్నరు అమ్మ?"

"పొద్దున్నుంచి నాలుగింటిదాకా. వడియాలకి కాపలా" అన్నాను.

ఆవిడ నుదురు కొట్టుకుంది. "మా అమ్మ సుత గిట్లనే కూసుంటది. ఉబ్బసం ఉన్నోళ్ళు ఎండాకాలం మధ్యాహ్నం బయట ఉండొద్దమ్మా. ఓజోన్ ఉంటది."

"అది ఆకాశంలో ఉండేది కదండీ? మనల్ని కాపాడేది?"

"పైన ఉంటే కాపాడ్తది. ముక్కు కాడ ఉంటే ఊపిరితిత్తులను కాలుస్తది. కంటికి కనవడదు."

ఆవిడ చెప్పింది నాకర్థమైనంతలో రాస్తున్నాను. ఓజోన్ ఏ పొగగొట్టం నుంచీ రాదు. బళ్ళ పొగలో ఉండే వాయువులూ, పెట్రోలు, రంగులు, థిన్నర్లలాంటి వాటి ఆవిర్లూ గాల్లో కలిసి, ఎండలో ఉడికి, మధ్యాహ్నానికి ఓజోన్ తయారవుతుంది. చిత్రమేమిటంటే ఆ పొగలోనే దాన్ని తినేసే వాయువు కూడా ఉంది. లారీలు ఆపితే ఆ తినేది తగ్గింది. ఆవిర్లని ఎవరూ ఆపలేదు, పైగా ఊరంతా రంగులు పూశారు. పొగతెర పోయి ఎండ ఇంకా తీక్షణంగా దిగింది.

"అయితే ఆంక్షలవల్లే మా అక్కకి ఇలా అయిందంటారా?" అన్నాను. నా గొంతు పెద్దదైంది, బావగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"గట్ల నేను చెప్పలేనమ్మా. దుమ్ము తగ్గింది, అది నిజం. దుమ్ము తగ్గితే మంచిదే. ఓజోన్ సంగతి వేరే. లారీలు బంద్ పెడితే కొన్ని ఊర్లల్ల తగ్గుతది, కొన్నిట్ల పెరుగుతది. ఈడ ఏమైందో కొలిచినోళ్ళే చెప్పాలె. వారం రోజుల పనితోని మాత్రం అది పోదు. ఆవిర్లు సుత తగ్గాలె, ఏడాదంతా తగ్గాలె, చుట్టుపక్కల ఊర్లల్ల సుత తగ్గాలె" అని, వార్డులో ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

అక్క ఆసుపత్రిలో ఉండగానే సమావేశం అయిపోయింది, ఆంక్షలు ఎత్తేశారు. నేనూ బావగారూ మధ్యాహ్నం భోజనం క్యారేజీ తీసుకెళ్తుంటే లారీలు వరసకట్టి వస్తున్నాయి, స్టేషన్ వైపు దుమ్ము లేస్తోంది. చౌరస్తాలో బావగారు మళ్ళీ స్కూటరాపారు. బోర్డు మీద దుమ్ము ఎర్రగా ఉంది. ఓజోన్ పచ్చకి దిగింది. ఎండ అంతే ఉంది మరి. ఆయన హెల్మెట్ తీసి చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డారు.

"పొగ ఉంటే దుమ్ముతో మంచాన పడుతుంది. పొగ పోతే ఈ ఓజోన్‌తో మంచాన పడింది. మరి మీ అక్క ఎక్కడ కూర్చోవాలి పద్మా?" అన్నారు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి కళ్ళు తుడుచుకున్నారు, ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. వెనక హారన్లు కొడుతుంటే స్కూటరు పక్కకి తోసుకున్నాం.

ఇంటికొచ్చిన రోజు అక్క నేరుగా యాదమ్మని అడిగింది, వడియాలేమయ్యాయని. యాదమ్మ చీర వెనక నీళ్ళు చల్లి, ఒక్కటీ విరక్కుండా ఊడదీసి, బాగా ఎండబెట్టి డబ్బాలకెత్తింది. "అన్నీ అమ్ముడువోయినయమ్మా. రుచి చూసినోళ్ళు మల్ల వచ్చిన్రు" అంది. అక్క నవ్వింది. తర్వాత మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, కొట్టు మూసేస్తున్నానని చెప్పింది.

"డాబా ఎక్కకుండా కింద నుంచి చూసుకోవే. యాదమ్మ ఉంది" అన్నాను.

"ఎండ ఉన్నప్పుడే వడియం. ఎండ ఉన్నప్పుడే నేను గదిలో ఉండాలిట. ఇంకేం చూసుకోను?" అంది. యాదమ్మని కొట్టు తీసుకోమంటే ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "నీ పేరు మీద నేను కూసోనమ్మా" అంది. ఇద్దరూ ఒక్కలాంటి మొండివాళ్ళు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమాను.

వానలు పడేదాకా అక్కని మండపేట తీసుకెళ్తానన్నాను. కొట్టు గది సర్ది, సామాను ఎవరికివ్వాలో చూసి తర్వాత వస్తానన్నారు బావగారు. పొద్దుట బండికి రెండు ఏసీ కుర్చీలు దొరికాయి. వెళ్ళేవాళ్ళకి ఒక మాట: తిరుమలగిరి నుంచి స్టేషన్‌కి ఆంక్షల వారంలో పావుగంట పట్టేది, ఇప్పుడు గంట ముందు బయల్దేరండి. ఆటోలో అక్క ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చుంది. ప్లాట్‌ఫాం మీద బావగారు ఇడ్లీ పొట్లం చేతికిచ్చి, బండి కదిలేదాకా కిటికీ అద్దం మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు.

ఎదుటి సీట్లో ఐటీ ఉద్యోగం చేసే కుర్రాడొకడు, ఖమ్మం వెళ్తున్నాడు. "పోయిన వారం సిటీ స్వర్గం లెక్క ఉండె ఆంటీ. గిట్లనే ఎప్పటికీ ఉంచితే ఏం పోతది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అక్క, "అవును బాబూ, గుట్టలన్నీ కనిపించాయి" అంది. అతనన్నది తప్పని నేను మాత్రం ఎలా అంటాను? కనిపించేదంతా ఆ వారం బాగానే ఉంది. వారం రోజులు పొగకి సెలవిచ్చి, ఎండకి ఆవిర్లని వదిలేశాం. సికింద్రాబాద్ నేను చాలాసార్లు వెళ్ళాను, అంత అందంగా ఎప్పుడూ చూడలేదు. మళ్ళీ అంత అందంగా చూడాలంటే నాకిప్పుడు భయం. మీలో ఎవరైనా ఎండాకాలం వెళ్తే, ఊపిరి బాగాలేనివాళ్ళు వెంట ఉంటే, ఆకాశం ఎంత నీలంగా ఉన్నా మధ్యాహ్నం గది దాటనివ్వకండి.

ఖమ్మం దాటాక అక్క ఫోను మోగింది. సైనిక్‌పురి నుంచి ఎప్పట్నుంచో కొనే ఆవిడట. గొంతు నాకూ వినబడుతూనే ఉంది. "వరలక్ష్మి గారూ, ఈసారి మీ చెయ్యే కదండీ! నోట్లో వేసుకోగానే తెలిసిపోయింది. మాకు బదిలీ అయింది, ఇంకో రెండు కిలోలు పెట్టిస్తే పట్టుకెళ్తాం."

రెండేళ్ళుగా ఆ మాట కోసమే ఎదురుచూసిన మనిషి. మొహమంతా ఒక్కసారి వెలిగింది. జవాబు చెప్పబోయి, చెప్పలేక, "నువ్వు చెప్పవే" అని ఫోను నా చేతిలో పెట్టింది. ఆయాసమేమోనని కంగారుపడి చూశాను, ఆయాసం కాదు.

"అక్క ఇంక పెట్టదండీ" అన్నాను.

"అయ్యో, అదేంటండీ? ఒంట్లో బాగాలేదా?" అందావిడ.

అక్క కళ్ళు తుడుచుకుని ఫోను వెనక్కి లాక్కుంది. "అదేం లేదమ్మా, మా చెల్లెలికి వేళాకోళాలెక్కువ. కాస్త ఎండలు తగ్గనీ, చూద్దాం" అంది, కొట్లో కూర్చుని మాట్లాడే గొంతుతోనే.

ఎండలు తగ్గాక వడియాలు పెట్టేవాళ్ళెవరూ ఉండరని అవతలావిడకి తెలియకపోదు. "అలాగేనండీ" అని నెమ్మదిగా ఫోను పెట్టేసింది.